అన్నము, ఆదరము

ప్రాణికోటిలో మానవశిశువువలె చిరకాలము పరాధీనమై యుండునది మిక్కిలి అరుదు. ఆవు ఈనిన దూడ తల్లి నాకుచుండగనే తడబడుచు లేచి, కొన్ని గడియలలోనే పొదుగును వెదకికొనును. కోడిపిల్ల గ్రుడ్డు పగిలి వెలువడిన మరునాటికే నేలమీది గింజను ముక్కుతో పొడుచును. మానవశిశువునకన్ననో మెడ నిలుచుటకు మూడు నాలుగు మాసములు, కూర్చుండుటకు ఆరేడు మాసములు, అడుగు వేయుటకు ఇంచుమించు ఏడాది పట్టును. మాట నేర్చుటకు, తన యన్నము తాను తినుటకు, అపాయమును గుర్తించి తన్ను తాను కాచుకొనుటకు పట్టు కాలమును గూడ లెక్కించినచో బాల్యమంతయు అందే గడచిపోవును.

ఈ దీర్ఘమైన పరాధీనతకు ముఖ్యకారణము మన మెదడు. పుట్టిననాటి శిశువు మెదడు ప్రౌఢుని మెదడు తూకములో నాలుగవ వంతునకు కొంచెము పైగ మాత్రమే యుండును. రెండేండ్లు నిండునప్పటికి అది ప్రౌఢపరిమాణములో ఇంచుమించు ఐదింట నాలుగు వంతుల కెదుగును. అనగా తక్కిన జంతువులు గర్భమందే ముగించుకొని వచ్చు పనిలో పెద్దభాగమును మానవుడు తల్లి యొడిలో, ఇంటి పంచలో, వీధి యరుగుమీద, నలుగురి నడుమ నిర్వర్తించుకొనవలసి యున్నది. ఐదేండ్ల బాలుడు కదలక విశ్రమించి యున్నవేళ వాని దేహము వ్యయపరచు శక్తిలో ఇంచుమించు మూడింట రెండు పాళ్లను మెదడే గ్రహించుచుండునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. పెద్దవారిలో ఆ పాలు ఐదవ వంతు మాత్రమే. ఇంతటి నిర్మాణము ఇంటి నడుమ, జనుల నడుమ జరుగుచున్నప్పుడు, దానికి కావలసిన ద్రవ్యము లెవ్వి, వానిలో ముందేది, వెనుకనేది అను ప్రశ్న తల్లిదండ్రులకే కాక రాజ్యమును నడపువారికిని ముఖ్యమైనది.

ముందు పొట్ట నిండవలెను, మనసు సంగతి తరువాత చూచుకొనవచ్చును అను భావము మన యిండ్లలోను, మన ప్రణాళికలలోను బలముగ నాటుకొని యున్నది. అది కరుణలోనుండి పుట్టిన భావమే. ఆకలిని కన్నులార చూచినవాడు వేరొక విధముగ పలుకజాలడు. అయినను గడచిన ఎనుబది యేండ్లలో వేర్వేరు దేశములందు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినచో, శిశువు విషయమున ఈ వరుస చెల్లదనియు, అన్నమును ఆదరమును ఒకేకాలమున అందవలసిన ఆహారములేననియు స్పష్టమగును. ఆ సంగతిని సాక్ష్యములతో నిరూపించుటయే ఈ అధ్యాయము నందలి ప్రయత్నము.

అవసరముల సోపానము

మానవుని అవసరములకు ఒక క్రమము కలదని చెప్పి లోకప్రసిద్ధి గాంచినవాడు అమెరికా మనశ్శాస్త్రవేత్త అబ్రహాం మాస్లో. రష్యా సామ్రాజ్యమునుండి వలసవచ్చిన యూదు దంపతులకు 1908లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించిన యీయన, 1943లో మానవుని ప్రేరణలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆకలి, దప్పిక, నిద్ర మొదలగు దేహావసరములు మొదటివి. అపాయమునుండి రక్షణ రెండవది. ప్రేమయు, నలుగురిలో ఒకడనను అనుబంధమును మూడవది. ఆత్మగౌరవమును, ఇతరుల మన్ననయు నాలుగవది. తనలోని శక్తిని సంపూర్ణముగ వికసింపజేసికొనుట ఐదవది. క్రిందిది తీరిన పిమ్మటనే పైది మనుష్యుని మనస్సున ప్రబలమగునని ఆయన వాదము. కూటికొరకు కోటి విద్యలని పలికిన మనవారికి ఈ మాటలో క్రొత్తదనము కనబడకపోవచ్చును. కాని ప్రేమను, గౌరవమును గూడ అవసరములనియే పిలిచి, అవి లోపించినచో ఉప్పో, విటమినో లోపించినప్పటివలె మనిషి జబ్బుపడునని చెప్పుట ఆ కాలమునకు సాహసమే.

నేడు పాఠ్యపుస్తకములలో కానవచ్చు ఐదంతస్తుల గోపురపు బొమ్మను మాస్లో గీయలేదు. వ్యాపారనిర్వహణశాస్త్రమును బోధించినవారు తరువాతి కాలమున గీసిరి. ఒక అంతస్తు పూర్తిగ కట్టిన పిమ్మటనే రెండవది లేచునను కఠినభావమును ఆ బొమ్మయే లోకమున వ్యాపింపజేసెను. మాస్లో తన మొదటి వ్యాసమందే, సామాన్యపౌరునకు దేహావసరములు నూటికి 85 పాళ్లు, భద్రత 70 పాళ్లు, ప్రేమ 50 పాళ్లు, గౌరవము 40 పాళ్లు, ఆత్మవికాసము 10 పాళ్లు తీరియుండునని ఉదాహరణకు కొన్ని యంకెలు కల్పించి చూపి, ఇవన్నియు ఒక్కసారిగనే పాక్షికముగ తీరుచు, పాక్షికముగ కొరతపడుచు నుండునని స్పష్టపరచి యుండెను. 2011లో టే, డీనర్ అను నిరువురు పరిశోధకులు 123 దేశముల ప్రజల అభిప్రాయములను పరిశీలించి, కూడు గూడులు సంపూర్ణముగ సమకూడనివారు గూడ బంధుమిత్రుల యాదరమువలనను, గౌరవమువలనను తమ జీవితమున సంతోషమును పొందుచున్నారని తేల్చిరి.

ఇట్టి యన్వేషణమునకు మన వాఙ్మయమున ఒక ప్రాచీనమైన కథ గలదు. తైత్తిరీయోపనిషత్తులో వరుణుని కుమారుడైన భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని గ్రహించి, తృప్తిపడక మరల మరల తండ్రిని సమీపించి, ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి తుదకు ఆనందమును తెలిసికొనెను. ఇంతవరకు అందరెరిగినదే, కాని ఆనందమును చేరిన పిమ్మట ఆ యుపనిషత్తు మరల అన్నమువద్దకు తిరిగివచ్చి, అన్నమును నిందింపరాదనియు, దానిని సమృద్ధిగ పెంచవలెననియు వ్రతము విధించినది. మాస్లో సిద్ధాంతము మన ఋషులకు ముందే తెలియునని వాదించుట నా యుద్దేశము కాదు. పై మెట్టునకు చేరుట క్రింది మెట్టును విడుచుట కాదను నెరుక మాత్రము ఆ కథలో నున్నది.

గుడ్డతల్లియు, తీగెతల్లియు

మాస్లో యౌవనమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో హ్యారీ హార్లో అను ఆచార్యునివద్ద శిష్యరికము చేసెను. శిష్యుడు చెప్పిన క్రమమును శిశువు విషయమున కదల్చివేసిన ప్రయోగము గురువు చేతిమీదుగనే జరిగినది. బిడ్డకు తల్లిపై గల ప్రేమ పాలవలన పుట్టినదే యనియు, ఆకలి తీర్చునది గనుకనే తల్లి ప్రియమైనదనియు ఆనాటి శాస్త్రజ్ఞులు పెక్కురు నమ్మిరి. ఈ నమ్మకమును పరీక్షింపదలచి హార్లో కోతిపిల్లలను పుట్టిన కొలది గంటలకే తల్లులనుండి వేరుచేసి, బోనులో రెండు కృత్రిమమాతలను నిలిపెను. ఒకటి వట్టి ఇనుపతీగెల యల్లిక. రెండవది కొయ్యదిమ్మెపై మెత్తని రబ్బరును, నూలు తువాలును కప్పిన బొమ్మ. కొన్ని పిల్లలకు పాలసీసా తీగెతల్లి రొమ్మునను, కొన్నింటికి గుడ్డతల్లి రొమ్మునను అమర్చబడెను.

1958లో అమెరికా మనశ్శాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగ చేసిన ప్రసంగమున హార్లో వెల్లడించిన ఫలితము శ్రోతలను కలచివేసెను. రెండు తెగల పిల్లలును సమానముగ పాలు త్రాగెను, సమానముగ బరువు పెరిగెను. కాని పాలు ఎవరిచ్చినను, దినములో అధికకాలము అవి గుడ్డతల్లినే కరచుకొని యుండెను. తీగెతల్లివద్ద పాలు గల పిల్లలు ఆకలి వేసినంతసేపు అటు పోయి, త్రాగి, మరల గుడ్డతల్లి యొడికే చేరెడివి. డోలు వాయించుచు నడచు యంత్రపు ఎలుగుబంటి బొమ్మను బోనులో విడిచినప్పుడు పిల్ల కీచుమని యరచి గుడ్డతల్లిని కౌగిలించుకొని, కొంతసేపు తన దేహమును దానికి రాచుకొని, భయము చల్లారినపిమ్మట మెడ త్రిప్పి ఆ వింతబొమ్మను ధైర్యముగ చూడసాగెడిది. ఒడి దొరకినవానికే లోకమును చూచు ధైర్యము కలుగునను సత్యమును ఆ చిన్నప్రాణి శాస్త్రజ్ఞులకు బోధించినది. తరువాతి యేండ్లలో హార్లో కోతిపిల్లలను ఒంటరిబోనులలో నెలల తరబడి పెంచిన ప్రయోగములు మిక్కిలి క్రూరములు. వానిని నేడు ఏ విజ్ఞానసంస్థయు సమ్మతింపదు, సమ్మతింపరాదు. ఆ మూగప్రాణుల బాధవలన లభించిన జ్ఞానమును మానవశిశువుల మేలునకు వినియోగింపకపోవుట మరియొక అపరాధమగును.

మానవశిశువుల సాక్ష్యము అప్పటికే లభించి యుండెను. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రెనే స్పిట్జ్ అను వైద్యుడు, 1945లో రెండు శిశుగృహములను పోల్చి వ్రాసెను. ఒకటి అనాథశిశువుల యాలయము: పరిశుభ్రమైనది, మంచి యాహారమును వైద్యమును గలది, కాని ఒక్కొక్క దాది ఎనిమిదిమంది లేక అంతకు మించిన పసివారిని సాకవలసి యుండెను, అంటురోగభయముచే తొట్ల ప్రక్కలకు దుప్పట్లు వ్రేలాడదీయుటచే బిడ్డకు పైకప్పు తప్ప వేరొండు కనబడకుండెను. రెండవది ఒక కారాగారమునకు చేర్చిన శిశుశాల: అచ్చట శిక్ష ననుభవించు తల్లులే తమ బిడ్డలను పెంచుకొనుచుండిరి. చెరసాలలోని బిడ్డలు నవ్వుచు, ప్రాకుచు, మాటలు నేర్చుచు పెరిగిరి. శుభ్రమైన ఆలయమందలి బిడ్డలు కృశించి, చూపు శూన్యమై, అంటురోగములకు లొంగిపోయి, రెండేండ్లలో మూడవ వంతునకు పైగ మరణించిరి. స్పిట్జ్ పరిశీలనావిధానమునందు లోపములు కలవని తరువాతివారు విమర్శించిరి. ఆ విమర్శలో న్యాయము గలదు. అయినను శుభ్రతయు, పాలును, మందును చాలవను ముఖ్యాంశమును తరువాతి పరిశోధన లేవియు కాదనలేదు.

ఇంగ్లండులో జాన్ బౌల్బీ అను వైద్యుడు ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై 1951లో వ్రాసిన నివేదికలో, శిశువు మానసికారోగ్యమునకు తల్లితోనో, తల్లివంటి స్థిరమైన వ్యక్తితోనో గాఢమగు నిరంతరసంబంధము అత్యావశ్యకమని చాటెను. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఎనిమిది దినములు తల్లిని విడిచి గడపిన రెండున్నర యేండ్లు నిండని బాలికను చలనచిత్రముగ తీసి 1952లో ప్రదర్శించెను. అప్పటి ఆసుపత్రులు పెక్కింటిలో తలిదండ్రులు వారమునకు ఒకటి రెండు పర్యాయములు మాత్రమే బిడ్డను చూడవచ్చును. వారు వచ్చిపోయినచో బిడ్డ ఏడ్చునని, ఆ యేడ్పు చికిత్సకు భంగమని వైద్యుల వాదము. బిడ్డ ఏడ్పు మానుట ఊరట కాదనియు, అది ఆశ విడుచుట యనియు రాబర్ట్‌సన్ చూపెను. 1959లో, ఆసుపత్రులలోని బిడ్డల క్షేమమును విచారించిన ప్లాట్ సంఘము తలిదండ్రులకు ఆసుపత్రి తలుపులు ఎల్లవేళల తెరచి యుంచవలెనని ఆ దేశప్రభుత్వమునకు సిఫారసు చేసెను.

దశలు, వాని వేళలు

ఇక వికాసము దశలవారీగ జరుగునని చెప్పిన సిద్ధాంతకర్తలను స్మరింపవలెను. 1950లో 'బాల్యము, సమాజము' అను గ్రంథమును వ్రాసిన ఎరిక్ ఎరిక్‌సన్ మానవజీవితమును ఎనిమిది దశలుగ విభజించి, ఒక్కొక్క దశలో మనిషి తీర్చుకొనవలసిన ఒక్కొక్క చిక్కును నిరూపించెను. మొదటి యేడాదిలో శిశువు నేర్వవలసిన పాఠము విశ్వాసము: ఏడ్చినచో ఎవరో వత్తురు, ఆకలి వేసినచో పాలు వచ్చును, తడిసినచో బట్ట మారును అను నమ్మకమే తరువాతి జీవితమునకు పునాది. ఏడవ దశయైన ప్రౌఢవయస్సున మనిషికి రాబోవు తరమును పోషించి తీర్చిదిద్దు కోరిక యావశ్యకమగునని ఆయన చెప్పెను. శిశువునకు పెద్దలు ఎంత అవసరమో, పెద్దలకు శిశువును పెంచుటయు అంత అవసరమన్నమాట.

స్విట్జర్లండు దేశీయుడైన ఝాఁ పియాజే బుద్ధివికాసమును పరిశీలించెను. పారిసులో బాలుర తెలివిని కొలుచు పరీక్షలు జరుపుచు, సరియైన సమాధానములకంటె తప్పు సమాధానములయందే ఆయన యాసక్తి చూపెను. ఒకే వయస్సు పిల్లలు ఒకేవిధమైన తప్పు చేయుటకు కారణమేమని ఆలోచించెను. సమానమైన రెండు గ్లాసులలో సమానముగ నీరు పోసి, వానిలో ఒకదానిని బాలుని యెదుటనే సన్నని పొడవైన గ్లాసులోనికి వంచినచో, ఐదేండ్లవాడు పొడవుగ కనబడుదానిలోనే నీరెక్కువ యనును. ఏడెనిమిదేండ్లవాడు ‘ఏమియు పోయలేదు, తీయలేదు గదా, రెండును సమానమే’ యని నవ్వును. ఈ మార్పును ఉపన్యాసముచే తేజాలము. బాలుడు తానే వంచి, ఒలికించి, కొలిచి, ఆడుకొని తెచ్చుకొనవలెను. పియాజే పుట్టిన 1896వ సంవత్సరమునందే జన్మించి, క్షయరోగముచే 1934లో అకాలమరణము చెందిన రష్యా పండితుడు లెవ్ విగోత్‌స్కీ దీనికి మరియొక అంగమును చేర్చెను: బాలుడు నేడు పెద్దల సాయముతో చేయగలిగినదానిని రేపు తనంతట చేయును, కావున బుద్ధి మొదట ఇరువురి నడుమ పుట్టి, పిదప ఒకనిలో స్థిరపడును. ఈ ముగ్గురి మాటలను కలిపి చూచినచో విశ్వాసము, ఆట, సంభాషణము అను మూడును శిశువునకు విలాసములు కావనియు, ఒక్కొక్కదానికి తగిన వేళ గలదనియు తెలియుచున్నది.

ఆ వేళ తప్పినచో నేమగునో రుమేనియా దేశము లోకమునకు చూపెను. జనసంఖ్యను పెంపవలెనని 1966లో చౌషెస్కూ ప్రభుత్వము గర్భస్రావమును, సంతాననిరోధమును నిషేధించుటచే, సాకలేని తల్లిదండ్రులు విడిచిన బిడ్డలతో ప్రభుత్వాలయములు నిండిపోయెను. 1989లో ఆ ప్రభుత్వము కూలునాటికి ఇట్టి బిడ్డలు లక్షకు పైగ నుండిరి. ఆ తరువాత బుకారెస్టు నగరమున నెల్సన్, ఫాక్స్, జీనా అను శాస్త్రజ్ఞులు 136 మంది పసివారిని ఎన్నుకొని, చీట్లు తీసినరీతి సగము మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబములకు పంపిరి. తక్కినవారు ఆలయములందే యుండిరి, వారికి తరువాత ప్రభుత్వము మంచి యేర్పాటు చేసినచో అడ్డుచెప్పరాదను నియమము నేర్పరచిరి. నాలుగున్నర యేండ్ల వయస్సున బుద్ధిని కొలిచిచూడగా, ఆలయమందలి బిడ్డల సగటు 73, కుటుంబములకు చేరినవారి సగటు 81, తమ యిండ్లలో తలిదండ్రులవద్దనే పెరిగిన బిడ్డల సగటు 109. రెండేండ్లు నిండకమునుపే కుటుంబమునకు చేరినవారు ఎక్కువగ కోలుకొనిరి. అన్నము ఆలయమందును లభించినది; లభింపనిది తనవారని చెప్పుకొన నొక మనిషి.

కింగ్‌స్టన్ పేటలలో ఒక గంట

అన్నమును ఆదరమును విడదీసి, మరల కలిపి, రెంటి ఫలమును కొలిచిచూచిన ప్రయోగము జమైకా ద్వీపమున జరిగినది. శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 1986–87లో కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో తొమ్మిది మాసములకును రెండేండ్లకును నడుమ వయస్సు గలిగి, పోషణలోపముచే ఎత్తు గిడసబారిన 129 మంది బిడ్డలను గుర్తించి నాలుగు తెగలుగ చేసిరి. ఒక తెగకు వారము వారము ఒక కిలో పాలపొడి మిశ్రమము ఇయ్యబడెను. రెండవ తెగవారి యింటికి ఆరోగ్యకార్యకర్త వారమున కొకమారు వచ్చి, గంటసేపు తల్లి నెదుట కూర్చుండబెట్టుకొని, బిడ్డతో ఎట్లు మాటలాడవలెనో, ఎట్లు ఆడింపవలెనో చూపెడిది. ఇంటనున్న వస్తువులతో చేసిన బొమ్మలను వారమంతయు అచ్చటనే విడిచి, మరుసటి వారము వేరు బొమ్మలు తెచ్చెడిది. మూడవ తెగకు రెండును లభించెను. నాలుగవ తెగకు ఉచితవైద్యము తప్ప ప్రత్యేకసాయము లేదు.

రెండేండ్ల పిమ్మట చూడగా, పాలు మాత్రమే పొందినవారును, ఆట మాత్రమే పొందినవారును కొంత మెరుగైరి. రెండును పొందినవారు మాత్రము మొదటినుండి పుష్టిగ పెరిగిన ఇరుగుపొరుగు బిడ్డలకు దాపుగ వచ్చిరి. కథ అంతటితో ముగియలేదు. ఇరువది యేండ్ల తరువాత, ఆ బిడ్డలు యువతీయువకులై పనిపాటలలో ప్రవేశించిన పిమ్మట, వారి సంపాదనను విచారించి 2014లో ప్రకటించిరి: పసితనమున ఆ గంటయాటను పొందినవారి సంపాదన పొందనివారి సంపాదనకంటె నూటికి 25 పాళ్లు అధికముగ నుండెను. ఇది ఏ విద్యాలయమో, ఏ యంత్రమో చేసిన మేలు కాదు. పెద్దచదువు లేని ఒక స్త్రీ, కన్నతల్లికి ధైర్యము చెప్పి, కాయను బిడ్డ చేతికిచ్చి ‘ఇది గుండ్రము, ఇది దొరలును’ అని పలికింపగా కలిగిన మేలు.

అంత మాత్రమున అన్నముయొక్క ఘనత తగ్గదు. మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 1987–90 నడుమ నగరమునకు సమీపమున 29 పల్లెలలో నడపిన పరిశీలన దీనికి తార్కాణము. పదునైదు పల్లెలలో గర్భిణులకును, ఆరేండ్లలోపు బిడ్డలకును అంగన్వాడీ పథకముద్వారా పూరకాహారము అందెను; తక్కిన పదునాలుగు పల్లెలకు ఆ పథకము ఇంకను రాలేదు. ఆ బిడ్డలు పదుమూడు, పదునెనిమిదేండ్ల నడుమ వయస్కులైనప్పుడు మరల కొలువగా, ఆహారము పొందిన పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగ నుండిరి. భావికాలమున మధుమేహమునకును హృద్రోగమునకును దారితీయు లక్షణములు గూడ వారిలో కొంత తక్కువగ కనబడెను. గర్భస్థశిశువునాటి పిడికెడు తిండి పదునైదేండ్ల తరువాత ఎముకలో, రక్తములో సాక్ష్యము చెప్పెనన్నమాట. కావున ఒకదానిని తగ్గించి రెండవదానిని హెచ్చించుట ఈ వాదముయొక్క యుద్దేశము కాదు.

ఒకే క్రియలో పెక్కు ఫలములు

అవసరముల ప్రశ్న మనశ్శాస్త్రమునుండి అర్థశాస్త్రమునకు ప్రాకిన తీరును సంగ్రహముగ చెప్పెదను. 1962లో మన ప్రణాళికాసంఘములో పీతాంబర్ పంత్ నాయకత్వమున, ప్రతిపౌరునకును కనీసజీవనమును ఎట్లు సమకూర్పవలెనను విచారము జరిగెను. తలకు నెలకు 20 రూపాయలు కనీసవ్యయముగ అప్పటి పండితులు నిర్ణయించి, విద్యావైద్యములను రాజ్యమే భరించునని దానినుండి మినహాయించిరి. 1976లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ జరిపిన ప్రపంచసభ, కూడు గుడ్డ గూడులతోపాటు మంచినీరు, పారిశుద్ధ్యము, వైద్యము, విద్య, ప్రజల భాగస్వామ్యము అనువానిని మూలావసరములుగ ప్రకటించెను. ప్రజలకు ఏ వస్తువులు ఎంత యిచ్చితిమని కాక, వారు ఏమి చేయగలుగుచున్నారు, ఏమి కాగలుగుచున్నారు అని యడుగవలెనని అమర్త్య సేన్ 1979 నుండి వాదించెను. ఆ భావమునుండియే మహబూబ్ ఉల్ హక్ పూనికతో 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక వెలువడెను.

మన విషయమునకు అందరికంటె సన్నిహితుడు చిలీ దేశపు అర్థశాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ మాక్స్-నీఫ్. మనుగడ, రక్షణ, అనురాగము, అవగాహన, భాగస్వామ్యము, విశ్రాంతి, సృష్టి, స్వీయత, స్వేచ్ఛ అను తొమ్మిదియు మానవుని మూలావసరములనియు, ఇవి ఎల్ల కాలములందును ఎల్ల దేశములందును ఒక్కటేయనియు, మారునవి వానిని తీర్చు సాధనములు మాత్రమేననియు ఆయన బోధించెను. ఆ సాధనములలో కొన్ని ఒక అవసరమును తీర్చుచు మరియొకదానిని చెరుచును. కొన్ని ఒకదానినే తీర్చును. కొన్ని ఒక్కపెట్టున పెక్కింటిని తీర్చును. ఈ చివరివానికి ఆయన యిచ్చిన ఉదాహరణము తల్లిపాలు: అది బిడ్డకు ఆహారము, రక్షణ, అనురాగము, స్వీయతాభావము అను నాలుగింటిని ఒకేసారి అందించును.

తెలుగు ఇంటిలో ఇట్టి సాధనము మరియొకటి గలదు. చీకటిపడువేళ తల్లి బిడ్డను చంకనెత్తుకొని పెరటిలోనికి వచ్చి, పప్పును నేతిని కలిపి మెత్తగ మెదిపిన అన్నమును వ్రేళ్లకొసలతో చిన్న ముద్ద చేసి, ‘ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద’ యని పలుకుచు చంద్రుని చూపును. బిడ్డ ఆమె వ్రేలివెంట చూపు సారించును, నోరు తెరచును, తానును వ్రేలు చాపి ఏదో కూయును, తల్లి ఆ కూతకు అర్థము కల్పించి బదులు చెప్పి, రెండవ ముద్ద యందిచ్చును. ఎవరి వంతు వారిదిగ సాగు ఈ పలుకులాటలో భాషకు మొదటి పాఠము గలదు. చూపు చూపు కలియుటలో ఎరిక్‌సన్ చెప్పిన విశ్వాసము గలదు. వ్రేలి తాకుడులో హార్లో కనుగొన్న స్పర్శ గలదు. ముద్దలో మాంసకృత్తులు, క్రొవ్వు, శక్తి గలవు. గోరుముద్ద యను ఒక్క క్రియలో అన్నమును ఆదరమును విడదీయరానివై యున్నవి. జమైకాలో పాలపొడిని ఒకరును ఆటను మరియొకరును తెచ్చియిచ్చి కలుపవలసి వచ్చినదానిని, తీరిక గల తల్లి పెరటిలో నిలిచి కలిపివేయుచున్నది.

తీరిక గల తల్లి అను మాటను పాఠకులు గమనింపవలెను. సూర్యోదయమునకు ముందే వంట ముగించి, నాటులకో, కలుపునకో, ఇటుకబట్టీకో, మేస్త్రీవెంట మిద్దెపనికో పోయి, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరు స్త్రీకి బిడ్డపై ప్రేమ తక్కువై కాదు, కాలము చాలక గోరుముద్దలు కరవగుచున్నవి. ఆమె లేని పగటివేళ బిడ్డను చూచుకొనునది ఆరేడేండ్ల యక్కయో, కనులు కనబడని ముసలమ్మయో. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, వయస్సునకు తగిన ఎత్తు లేని ఐదేండ్లలోపు బిడ్డలు దేశమున నూటికి 35.5 మంది, ఆంధ్రప్రదేశమున 31.2 మంది, తెలంగాణమున 33.1 మంది యని తేలినది. బిడ్డల యీ గిడసబాటు వెనుక తిండి కొరతతోపాటు తల్లుల తీరికలేమి గూడ గలదు.

1975 అక్టోబరు 2న 33 ప్రాంతములలో ప్రారంభమైన సమగ్ర శిశుసంరక్షణ పథకము అన్నమును ఆదరమును కలుపవలెనను సదుద్దేశముతోనే పుట్టినది. పూరకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, ఆసుపత్రికి పంపుట, తల్లులకు పోషణబోధ, బడికి ముందటి చదువు అను ఆరు సేవలు అందు చేర్చబడెను. కాని ఈ సేవలను అందించు అంగన్వాడీని ఒక పల్లెలో నిదానించి చూడుడు. టీచరు ఉదయమున గ్రుడ్లు లెక్కించి, బాలామృతమను పూరకాహారము పంచి, గర్భిణులకు భోజనము పెట్టించి, బిడ్డలను తూచి, ఆ తూకములను పుస్తకములలోను సెల్‌ఫోనులోను ఎక్కించి, టీకాల దినమున ఇంటింటికి తిరిగి తల్లులను పిలుచుకొనివచ్చును. ఈ పనులన్నియు ముగియగా మిగిలిన వ్యవధిలో పాటయు, కథయు, బొమ్మలాటయు జరుగవలెను. ఆహారమును కొలుచుటకు త్రాసు గలదు, తనిఖీ గలదు. బిడ్డతో నేడు ఎవరైన మాటలాడిరా యని యడుగువారు లేరు. మూడేండ్లలోపు బిడ్డకు, అనగా మెదడు మిక్కిలి వేగముగ పెరుగువేళ, ఇంటికి పొట్లము చేరుచున్నది గాని, ఆటను నేర్పు మనిషి చేరుట లేదు.

శాసనములు లేకపోలేదు. 2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజన చట్టము 26 వారముల వేతనసహితమైన సెలవును, ఏబదిమంది, అంతకు మించి పనిచేయు సంస్థలలో శిశుశాలను విధించినది. కాని పొలములో, ఇండ్లలో, బట్టీలలో కూలిచేయు కోట్లాది తల్లులు దాని నీడలోనికి రాలేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టములో, పనివద్ద ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురు, అంతకు మించి యున్నచో వారిని చూచుటకు ఒక స్త్రీని కూలియిచ్చి నియమింపవలెనను నియమము చేర్చబడెను. మంచి నియమమే, ఇటువంటి నియమము కాగితమును వీడి చెట్టునీడకు దిగివచ్చినగాని బిడ్డకు ప్రయోజనము లేదు.

కావలసినవి దుర్లభములు కావు. ప్రతి అంగన్వాడీకిని, మూడేండ్లలోపు బిడ్డల యిండ్లకు వారమునకొకమారు పోయి గంటసేపు తల్లితో, బిడ్డతో కూర్చుండుటయే పనిగాగల రెండవ కార్యకర్తను నియమింపవలెను. కూలికి పోవు తల్లుల బిడ్డలకు పగలంతయు తెరచియుండు శిశుశాలలు ఊరూర వెలయవలెను. ప్రసూతిసెలవు కాలపు వేతనము కూలిస్త్రీకిని దక్కవలెను. తండ్రి బిడ్డను ఎత్తుకొని ఆడించుట చిన్నతనమను భావము మన మగవారు విడువవలెను. పాఠకులలో తల్లిదండ్రులైనవారు బిడ్డకు అన్నము పెట్టువేళ సెల్‌ఫోనును ఆవల నుంచి, బిడ్డ కనులలోనికి చూచి నాలుగు మాటలు పలుకుడు. రాజకీయనాయకులును, అధికారులును పథకముల జమాఖర్చులు వ్రాయునప్పుడు, బిడ్డకు ఇచ్చిన తిండిని కొలిచినట్లే, బిడ్డతో గడపిన కాలమును గూడ కొలుచుడు. ముందు అన్నము, తరువాత ఆదరమని వాయిదా వేయుటకు శిశువునకు వ్యవధి లేదు. వాని మొదటి రెండు మూడేండ్లలోనే ఆ రెంటిని మనము వానికి అందింపవలెను.